డబ్బాలో మిగిలిన రాయి

ఇరవై రెండేళ్లుగా సంఘం లెక్కలు నావే.
అంతకుముందు సరస్సు ఒడ్డున
చేపల సొసైటీలో గుమస్తాని.
తూకం రాయి అబద్ధమాడితే
చేత్తో ఎత్తి పసిగట్టేవాణ్ణి.

ఆ ఏడు వానలకి ముందు
చర్చి కప్పు మీద నాలుగు రేకులు తుప్పు తినేశాయి.
పెద్దల కూటంలో పుస్తకం తెరిచి చదివాను:
సుద్దముక్కలు, రంగు పెన్సిళ్లు, బిస్కెట్లు,
పిల్లల గదికి లాంతరు నూనె.
ఇవి ఆపితే రెండు రేకులొస్తాయి, అన్నాను.
పిల్లలు కానుక వెయ్యరు,
వేసినా చొక్కా బొత్తాలు వేస్తారు.

ఎవరూ కాదనలేదు.
వెనక బెంచీ మీంచి తియామికె మాత్రం
"ఒక్క ఆదివారం వచ్చి చూడు,
తర్వాత కొట్టెయ్" అంది.
పగలంతా చాపల మీద ఉసిపా చేపలు తిరగేసే మనిషి.
ఎండు చేపల వాసన ఆమెకంటే ముందే గదిలోకొస్తుంది,
పిల్లలకి అదే గంట.

వెళ్లాను.
గుమ్మంలో ఆరేళ్ల ఫత్సాని
పాలపొడి డబ్బా పట్టుకుని అడ్డం నిలబడింది.
"రాయి వెయ్యి, అగోగో."
మా ఊళ్లో నెరిసిన తల ప్రతిదీ అగోగోయే.
వచ్చేటప్పుడు ఒక రాయి వెయ్యాలి,
వెళ్లేటప్పుడు ఒకటి తీసుకోవాలి.
అక్షరాలు రానివాళ్ల హాజరుపట్టీ అది.

ముప్పై ఒక్కమంది, పదకొండు పెన్సిళ్లు.
పచ్చరంగు కోసం కొట్లాట.
తప్పిపోయిన గొర్రె కథ నడుస్తోంది.
లింబికాని చెయ్యెత్తాడు:
"ఒకదానికోసం కాపరి పోతే
మిగతా తొంభై తొమ్మిదినీ ఎవరు కాస్తారు?"
నేను అడగాల్సిన ప్రశ్న.
తియామికె చాలాసేపు ఆలోచించి
"నాకు తెలీదురా" అంది,
"ఒకదాన్నొకటి చూసుకుంటాయేమో."
మా వేదిక మీంచి ఇన్నేళ్లలో
'నాకు తెలీదు' అనే మాట వినలేదు నేను.

బిస్కెట్లు విరిచి పంచారు.
నాకూ సగం వచ్చింది. పుస్తకంలో రాయలేదు.
చినుకులు మొదలైతే
గొడుగు లేదని గబగబా ఇంటికొచ్చేశాను.

రాత్రి.
ఎలుబి పోయాక మూడో వానాకాలం.
ఒక్క మనిషికి న్సీమా వండటం ఇంకా చేతకాలేదు,
ప్రతిసారీ ఇద్దరికవుతుంది.
చల్లారిన ముద్ద ముందు కూర్చుంటే
తలుపు చప్పుడు.
ఆమెను మట్టిచేసిన రోజు తర్వాత
రాత్రిపూట ఆ తలుపు ఎవరూ కొట్టలేదు.
మూడువందల మంది సంఘం.
నేనూ ఎవరి తలుపూ కొట్టలేదులే.

తడిసి ముద్దయి తియామికె, ఆరుగురు పిల్లలు,
ఒక లాంతరు,
నేను కొట్టెయ్యమన్న నూనెతో.
"డబ్బాలో ఒక రాయి మిగిలింది.
ఒడ్డంతా చూశాం, బోర్లించిన పడవల కింద చూశాం,
ముప్పై ఒక్కమందినీ ఇల్లిల్లూ తిరిగి లెక్కపెట్టాం.
అందరూ ఉన్నారు.
అప్పుడు దీనికి గుర్తొచ్చింది."

ఫత్సాని మొహం కోపంతో ముడుచుకుని ఉంది.
పిడికిలి విప్పి రాయి నా చేతిలో కొట్టింది.
"వెళ్లేటప్పుడు తీసుకోవాలని చెప్పానా లేదా!"
అని భోరుమంది.

అలవాటు చొప్పున తూచి చూశాను.
ఇరవై గ్రాములు మించదు.
చెయ్యి మాత్రం పైకి లేవలేదు.

ఆ రాత్రి న్సీమా మిగల్లేదు.

రేకులు ఇంకా వెయ్యలేదు.
పెద్దలు అడుగుతూనే ఉన్నారు,
నేను పేజీ తిప్పుతూనే ఉన్నాను.
వాన పడితే మూడో బెంచీ మీద కారుతుంది,
పక్కకి జరుగుతాం.
అలా జరిగినప్పుడే
పక్కవాడి పేరు తెలిసింది.
మసౌకో అట.
పదేళ్లుగా నా చెవి దగ్గరే పాడుతున్నాడు.
గొంతు ఏమంత బాగుండదు.